తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా?

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 27. మూడేళ్ళుగా కంపెనీల తరఫున పత్రికలతో మాట్లాడే ఒక పీఆర్ (పబ్లిక్ రిలేషన్స్) ఏజెన్సీలో పనిచేస్తున్నాను. మా క్లయింట్లలో ఒకరు వాటర్ హీటర్లు తయారుచేస్తారు. రెండు నెలల కిందట ఒక సీనియర్ విలేకరి సాయంత్రం నాలుగున్నరకు ఫోన్ చేసి, వాళ్ళ హీటర్ ఒక మోడల్ విపరీతంగా వేడెక్కి వైర్లు కాలిపోతున్నాయని ఫిర్యాదులు వస్తున్నాయట, నిజమేనా అని అడిగారు. ఆరింటిలోపు వివరణ కావాలన్నారు. నేను వెంటనే క్లయింట్ మార్కెటింగ్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. "ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు, అలాగే రాసి పంపెయ్" అన్నారు. పంపేశాను. మూడు రోజుల తర్వాత ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నమోదైన 14 ఫిర్యాదుల వివరాలు పేపర్లో వచ్చాయి. పక్కనే నేను పంపిన వాక్యం అచ్చయింది. ఆ రోజు ఆ విలేకరే ఫోన్ చేసి ఒకే మాట అడిగారు: "మీరు తెలిసి చెప్పారా, తెలియక చెప్పారా?" తెలియక చెప్పానన్నాను. ఫోన్ పెట్టేశారు. అప్పటినుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. మా టీమ్ హెడ్‌కు చెబితే "క్లయింట్ చెప్పింది రాయడమే మన పని, తీర్పులు చెప్పడం కాదు" అన్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఫోన్ మోగితే చాలు, టెన్షన్‌గా ఉంటోంది. నేను ఎంతో ఇష్టపడి ఎంచుకున్న ఉద్యోగం ఇది. మానేయాలా? ఆ విలేకరి నమ్మకం మళ్ళీ సంపాదించగలనా? ఈ మధ్యే ఒక ఆస్పత్రి పీఆర్ విభాగం నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. వెళ్ళమంటారా? దయచేసి నా పేరు వేయకండి.

జవాబు: ఆ విలేకరి అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడతాను. తెలియక చెప్పానని మీరు నిజమే చెప్పారు. అయినా ఆయన ఫోన్ పెట్టేశారు. ఉన్నమాట చెప్పినా ఎందుకు నమ్మలేదా అని మీరు బాధపడుతున్నట్టున్నారు. నాకు తెలిసి ఆయన మిమ్మల్ని నమ్మారు. నమ్మారు కాబట్టే పెట్టేశారు.

ఆయన వైపునుంచి ఒకసారి చూడండి. కంపెనీ లోపల ఏం జరుగుతోందో ఆయనకు కనిపించదు. మీకు లోపలికి దారి ఉందని, అడిగితే వెళ్ళి కనుక్కుని చెబుతారని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే నాలుగున్నరకు మీ నంబర్ కొట్టారు. మీరు కనుక్కోకుండానే "అలాంటిదేమీ లేదు" అన్నారు. తెలిసి అబద్ధమాడి ఉంటే ఆ మనిషి తత్వం ఇదీ అనుకుని జాగ్రత్తపడేవారు. తెలియకుండానే అంత గట్టిగా చెప్పగలిగారంటే, ఇకముందు మీరు చెప్పే ఏ మాటకూ ఆయన దగ్గర విలువ ఉండదు. రేపు మీరు నూటికి నూరుపాళ్ళు నిజం చెప్పినా, ఈవిడ చూసి చెబుతోందా, చూడకుండా చెబుతోందా అనే అనుమానం ఆయనకు మిగిలిపోతుంది.

కఠినంగా మాట్లాడుతున్నానని అనుకోకండి. ఈ తప్పు మన వృత్తి అంత పాతది. ఐవీ లీ పేరు మీరు చదువుకునే ఉంటారు. న్యూయార్క్ పత్రికల్లో విలేకరిగా పనిచేసి పీఆర్ వైపు వచ్చిన మనిషి. 1906లో బొగ్గు గనుల యజమానుల తరఫున పనిచేస్తూ పత్రికలన్నిటికీ ఒక ప్రకటన పంపాడు. మాది రహస్య వ్యవహారం కాదు, మేం పంపే సమాచారం ఖచ్చితమైనది, మీకు ఇంకే వివరం కావాలన్నా అందిస్తాం, మీరే సరిచూసుకోవడానికి సాయం చేస్తాం అన్నది దాని సారాంశం. అదే ఏడాది అక్టోబర్ 28న అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీదినుంచి నీళ్ళలో పడి 50 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో రైల్వే కంపెనీలు ప్రమాదాన్ని దాచిపెట్టడానికే చూసేవి. ఆ రైల్వే కంపెనీకి కూడా పనిచేస్తున్న లీ మాత్రం జరిగింది జరిగినట్టు కాగితం మీద రాయించి, విలేకరులను ఘటనా స్థలానికి తీసుకెళ్ళే ఏర్పాటు చేయించాడు. మొట్టమొదటి ప్రెస్ నోట్ అదేనని చాలామంది చెబుతారు.

పాఠాల్లో ఇక్కడిదాకానే చెప్పి వదిలేస్తుంటారు. ఆ తర్వాతి సంగతే మీకు పనికొస్తుంది. 1914 ఏప్రిల్‌లో కొలరాడోలోని లడ్‌లోలో, సమ్మె చేస్తున్న గని కార్మికుల గుడారాల మీద దాడి జరిగింది. మహిళలు, పిల్లలు సహా సుమారు 20 మంది చనిపోయారు. గని యజమానులైన రాక్‌ఫెల్లర్లు లీని పెట్టుకున్నారు. ఆయన యజమానుల వాదనతో వరసగా బులెటిన్లు వేసి దేశమంతా పంచాడు. వాటిలో తప్పులు బయటపడ్డాయి. సమ్మె నాయకులకు ఏడాది మొత్తానికి అందిన డబ్బును తొమ్మిది వారాల్లో అందినట్టుగా చూపించిన లెక్క వాటిలో ఒకటి. 1915లో ప్రభుత్వ కమిషన్ ముందు లీని నిలబెట్టి, ఈ వివరాలు నిజమో కాదో తెలుసుకోవడానికి మీరు చేసిన ప్రయత్నం ఏమిటని అడిగారు. ఏమీ చేయలేదని ఒప్పుకున్నాడు. గని యజమానులు ఇచ్చారు, తాను వేశాడు, అంతే.

మా సమాచారం ఖచ్చితమైనదని పత్రికలకు రాసిచ్చిన మనిషే, తొమ్మిదేళ్ళు తిరక్కుండా అలా నిలబడాల్సి వచ్చింది. విలేకరి మిమ్మల్ని ఫోన్లో అడిగిందీ, కమిషన్ లీని అడిగిందీ ఒకటే ప్రశ్న. మీ టీమ్ హెడ్ మీకు చెప్పిన మాట, లీ అప్పుడు చెప్పుకున్న సమాధానమే.

నా అనుభవం కూడా ఒకటి చెబుతాను. ఉద్యోగంలో నాలుగో ఏడు. మా క్లయింట్ చిన్న చిన్న సరఫరాదారులకు డబ్బులు ఎగ్గొట్టిందని వార్త రాబోతోంది. ఫైనాన్స్ హెడ్‌ను అడిగాను. "బకాయిలన్నీ క్లియర్ చేసేశాం" అన్నారాయన, తడుముకోకుండా. నేను "బకాయిలన్నీ చెల్లించాం" అని రాసి పంపాను. మర్నాడు పొద్దున్నే విలేకరి ఫోన్: "నా ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. ముగ్గురికీ అందలేదంటున్నారు, ఏం చెప్పమంటారు?" పరుగు పరుగున అకౌంట్స్ సెక్షన్‌కు వెళ్ళాను. అక్కడ క్లర్కు మాట్లాడకుండా సొరుగు లాగి చూపించాడు. రబ్బర్ బ్యాండ్ వేసిన చెక్కుల కట్ట. తేదీలు సరిగ్గానే ఉన్నాయి, ఒక సంతకం కూడా ఉంది. రెండో సంతకం చేయాల్సిన ఆఫీసర్ సెలవులో ఉన్నాడు. మొత్తం 31 చెక్కులు.

ఫైనాన్స్ హెడ్ అబద్ధమాడలేదు. ఆయన టేబుల్ మీదినుంచి ఆ పని వెళ్ళిపోయింది కాబట్టి ఆయన దృష్టిలో అది అయిపోయింది. "చెల్లించాం" అన్న మాట నాది. ఆ 31 మందిలో ఒక్కరికి ఫోన్ చేసి ఉన్నా నాకు తెలిసిపోయేది. ఆ సొరుగు ఇప్పటికీ కళ్ళముందు కదులుతుంది. అప్పటినుంచి ప్రెస్ నోట్‌లో ముందుగా క్రియాపదాలు చూస్తాను. చెల్లించాం, పరిష్కరించాం, మార్చేశాం, ఆపేశాం అని ఎక్కడ కనబడినా పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టి అడుగుతాను: ఏ తేదీన? ఎంతమందికి? ఆఖరి మనిషికి అందిందని ఎవరు చూశారు? పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో ఎన్నోసార్లు "చెల్లించాం" కాస్తా "చెల్లిస్తున్నాం" అయింది, "లేదు" కాస్తా "పరిశీలిస్తున్నాం" అయింది.

ఇప్పుడు మీ మార్కెటింగ్ మేనేజర్ మాట తీసుకోండి. "ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు." ఎవరికి రాలేదు? ఆయనకా, కంపెనీకా? హీటర్ కాలిన మనిషి మార్కెటింగ్ మేనేజర్‌కు ఫోన్ చేయడు. సర్వీస్ సెంటర్‌కు చేస్తాడు. ఆయనకు నిజంగానే తెలియకపోయి ఉండవచ్చు, తెలిసే దాచి ఉండవచ్చు. ఏది నిజమో ఇక్కడినుంచి నేను చెప్పలేను. మీరు మాత్రం సర్వీస్ సెంటర్‌కు ఒక్క ఫోన్ చేసి ఉంటే చాలు, ఆయన మనసులో ఏముందో ఊహించే అవసరమే ఉండేది కాదు.

ఆ గంటన్నరలో ఏం చేసి ఉండాల్సింది అని మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే ఇలాంటి ఫోన్ మళ్ళీ వస్తుంది. ఫోన్లోనే విలేకరిని నాలుగు ముక్కలు అడగండి: ఏ మోడల్, మీ దగ్గర ఎన్ని ఫిర్యాదులున్నాయి, ఎవరైనా గాయపడ్డారా, మీకు ఖచ్చితంగా ఎన్నింటికి కావాలి. చాలామంది విలేకరులు చెబుతారు. ఆయన చేతిలో ఏముందో మీకు అర్థమవుతుంది, ఎవరిని అడగాలో కూడా అర్థమవుతుంది. తర్వాత మార్కెటింగ్‌కు ఒక ఫోన్, సర్వీస్ సెంటర్ హెడ్‌కు ఒకటి, క్వాలిటీ విభాగానికి ఒకటి. ముగ్గురూ ఒకే మాట చెబితే రాయండి. తలోమాట చెబితే, ఆ తేడాయే మీకు దొరికిన సమాచారం. వెంటనే క్లయింట్ కంపెనీలో పైవాళ్ళ దాకా తీసుకెళ్ళండి. ఆరింటికల్లా ఏదీ తేలలేదనుకోండి, ఇలా రాసి పంపవచ్చు:

"ఈ మోడల్ మీద ఫిర్యాదుల విషయం మీరు మా దృష్టికి తెచ్చారు. మా సర్వీస్ సెంటర్ల రికార్డులు పరిశీలిస్తున్నాం. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఏం చర్య తీసుకుంటున్నామో రేపు మధ్యాహ్నం 12 గంటలకు తెలియజేస్తాం. ఈలోగా మీ హీటర్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతున్నా, కాలిన వాసన వస్తున్నా స్విచ్ ఆపేసి సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి."

ఇందులో అబద్ధం లేదు, ఒప్పుకోలూ లేదు. ఇలాంటి వివరణతో వార్త ఆగదు, నిజమే. కానీ మర్నాడు పన్నెండింటికి మీరు మాట నిలబెట్టుకుంటే రెండో రోజు వార్తలో మీ మాటకు చోటుంటుంది. పన్నెండున్నరకు చేస్తే ఉండదు. కాబట్టి మీరు నిలబెట్టుకోగల సమయమే చెప్పండి. "నో కామెంట్" మాత్రం వద్దు. చదివేవాళ్ళు దాన్ని "నిజమే" అని చదువుకుంటారు.

ఆ ప్రకటనలో చివరి వాక్యం మళ్ళీ చదవండి. అది విలేకరి కోసమూ కాదు, క్లయింట్ కోసమూ కాదు. ఆ సాయంత్రం ఇంట్లో ఆ హీటర్ వేసుకుని స్నానానికి వెళ్ళబోతున్న మనిషి కోసం. మీ ఉత్తరంలో విలేకరి ఉన్నారు, టీమ్ హెడ్ ఉన్నారు, మీ నిద్ర ఉంది. ఆ 14 ఇళ్ళ గురించి ఒక్క మాట లేదు. మీరు మనసు లేని మనిషని కాదు. ఏజెన్సీలో కూర్చుంటే ఆ ఇళ్ళు కనిపించవు, క్లయింటూ విలేకరీ మాత్రమే కనిపిస్తారు. నాకూ చాలా ఏళ్ళు అలాగే గడిచింది. ఫిర్యాదులు లేవని మీరు రాసి పంపాక, జాగ్రత్త చెప్పేవాళ్ళు లేక ఆ మూడు రోజులూ అలాగే హీటర్ వాడినవాళ్ళు ఉండే ఉంటారు. విలేకరి కోపం అక్కడినుంచే వచ్చిందని నా అనుమానం.

ఇక ఆయన నమ్మకం సంగతి. తిరిగి వస్తుందా అంటే, వస్తుందని నేను మాట ఇవ్వలేను. వచ్చే అవకాశం మాత్రం బాగానే ఉంది. 1982లో అమెరికాలో టైలెనాల్ అనే నొప్పి మందు క్యాప్సూల్స్‌లో ఎవరో సైనైడ్ కలిపి ఏడుగురి ప్రాణాలు తీశారు. కంపెనీ జాన్సన్ అండ్ జాన్సన్ దేశవ్యాప్తంగా సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. పీఆర్ తరగతుల్లో ఈ కథ చెప్పని చోటు ఉండదు. కానీ అదే వ్యవహారంలో కంపెనీ మొదట్లో, మా ప్లాంటులో సైనైడ్ అన్నదే లేదని పత్రికలకు చెప్పింది. తర్వాత చూస్తే, నాణ్యత పరీక్షలకు కొద్ది మోతాదులో అక్కడ వాడుతున్నారని తేలింది. విషం కలిసింది అక్కడ కాదు, కాబట్టి పట్టించుకోకుండా ఊరుకోవచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. వాళ్ళు ఊరుకోలేదు, ముందు చెప్పింది తప్పని ఒప్పుకుని సరిదిద్దుకున్నారు. అందరూ మెచ్చుకునే ఆ కథలోనూ ఒక తప్పుడు ప్రకటన ఉంది, దాని సవరణ ఉంది. సవరణ లేకపోయి ఉంటే మనం ఆ కథను వేరేగా చెప్పుకునేవాళ్ళమేమో.

మీ వైపునుంచి ఆ సవరణ ఇంతవరకూ రాలేదు. విలేకరే నిజం కనుక్కుని రాసుకున్నారు. మీరు పంపిన వాక్యం ఇంకా అలాగే ఉంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ముందు చేయాల్సిన పని అది. క్లయింట్‌ను రెండు విషయాలు అడగండి. ఆ 14 మందికి ఏం చేశారు? ఆ మోడల్ కొన్న మిగతావాళ్ళకు ఏం చెప్పారు? సమాధానం తేదీలతో సహా రాతలో తీసుకోండి. ఆ వివరాలతో, పాత వివరణ తప్పని ఒప్పుకుంటూ ఒక సవరణ పంపడానికి అనుమతి అడగండి. ఒప్పుకుంటే అంతకంటే మంచిది లేదు. సవరణ క్లయింట్ పేరు మీద వెళ్ళాలి కాబట్టి, మీ అంతట మీరు పంపేయకండి.

వాళ్ళు ఒప్పుకోకపోయినా, మీ వంతుగా మీరు చెప్పుకోవాల్సింది మిగిలే ఉంటుంది. ఆ విలేకరికి ఒక చిన్న మెసేజ్ పెట్టండి. ఫోన్ వద్దు, ఎత్తకపోతే మళ్ళీ మీకే బాధ. పేపర్ పేజీలు కట్టే సాయంత్రం వేళ అసలొద్దు. పొద్దున పెట్టండి. ఇలాంటిదేదో:

"నమస్కారం సార్. ఆ రోజు మీరు అడిగినప్పుడు తెలియక చెప్పానన్నాను. సర్వీస్ సెంటర్‌ను అడగకుండా రాశాను, అడిగి ఉండాల్సింది. తప్పు నాది. ఇకమీదట నేను స్వయంగా సరిచూసుకోని విషయమైతే, సరిచూసుకోలేదనే మీకు చెబుతాను."

ఇంతే. క్లయింట్ అలా చెప్పాడని రాయకండి. నిజమే అయినా, మీరు నింద ఇంకొకరి మీదకు తోసినట్టు ఉంటుంది, క్లయింట్ గుట్టు విప్పినట్టూ ఉంటుంది. ఆయన ఎడిటర్‌తో మీ బాస్ మాట్లాడడం, పుట్టినరోజుకు బొకే పంపడం లాంటివి పొరపాటున కూడా చేయకండి. చివర్లో "ఒకసారి కలుద్దాం సార్" అని తగిలించకండి. ఆయననుంచి ఏమీ ఆశించని మెసేజ్ కావాలి అది. జవాబు రాకపోవచ్చు. రాకపోతే వదిలేయండి. నాలుగు నెలలకో ఆరు నెలలకో ఆయనకు ఏదో విషయంలో మీ అవసరం పడుతుంది. అప్పుడు "ఇది నాకు తెలుసు, ఇది తెలియదు, తెలియనిది ఐదింటికి చెబుతాను" అని విడదీసి చెప్పండి. ఐదింటికి ఫోన్ చేయండి, "ఇంకా తేలలేదు సార్" అని చెప్పడానికైనా సరే చేయండి. నా చెక్కుల విలేకరి రెండేళ్ళు నాతో ముభావంగానే ఉన్నారు. ఒక రోజు ఉన్నట్టుండి ఫోన్ చేసి "మీరు చూసి చెప్పండి, వేసేస్తాను" అన్నారు. ఆ సాయంత్రం నేను ఎంత పొంగిపోయానో చెబితే మా ఇంట్లోవాళ్ళకు కూడా అర్థం కాలేదు.

ఉద్యోగం మానేయాలా అన్న దానికి వస్తాను. ఈ ఒక్క సంఘటనకు మానేయమని నేను చెప్పను. మీరు తెలిసి అబద్ధం రాయలేదు, మీ టీమ్ హెడ్ కూడా తెలిసి రాయించలేదు. కానీ ఆయన చెప్పిన మాట మాత్రం నాకు నచ్చలేదు. క్లయింట్ చెప్పింది రాయడమే పని అయితే, క్లయింటే నేరుగా విలేకరికి చెప్పుకోవచ్చు కదా, మధ్యలో మీరెందుకు? అంతర్జాతీయ పబ్లిక్ రిలేషన్స్ సంఘం 1965లో ఏథెన్స్‌లో ఆమోదించిన నియమావళిలోనే, రుజువైన, సరిచూసుకోగలిగిన వాస్తవాల మీద ఆధారపడని సమాచారాన్ని ప్రచారం చేయకూడదని ఉంది. ఇది మీ తీర్పు కాదు, వృత్తి పెట్టుకున్న నియమం. ఆయనతో వాదనకు దిగమని కాదు. నెమ్మదిగా ఉన్నప్పుడు వెళ్ళి ఒక పద్ధతి అడగండి: "సార్, ఇకనుంచి వివరణ ఏది పంపినా, ఆ సమాచారం క్లయింట్ దగ్గర ఎవరు సరిచూశారో మెయిల్లో తీసుకుని పంపుదాం. రేపు మాట వస్తే మన ఏజెన్సీకే రక్షణ." న్యాయం గురించి చెబితే చిరాకుపడే బాస్ కూడా రక్షణ అంటే వింటాడు. మాట కూడా అబద్ధం కాదు.

దానికి ఆయన ఏమంటారో చూడండి. "మంచి ఆలోచనే, చేద్దాం" అన్నారంటే ఇంకొన్నాళ్ళు ఉండొచ్చు. అంత టైమ్ ఎక్కడిదని విసుక్కుంటే, మీరు చేసే వివరణల వరకూ మీరే ఆ పద్ధతి పాటిస్తూ వేరే ఉద్యోగం చూసుకోండి, తొందరేమీ లేదు. "నిజం కాదని మనకు తెలుసు, అయినా పంపు" అని ఎప్పుడైనా అన్నారా, ఆ రోజే ఆ పని చేయనని చెప్పేయండి. జీతం అవసరం ఎంతున్నా ఆ ఒక్కచోట మెత్తబడకండి. పెద్ద పేరుంటే ఏజెన్సీకి ఏమీ కాదులే అనుకునేవాళ్ళు బెల్ పాటింజర్ సంగతి గుర్తుచేసుకోవాలి. లండన్‌లో అది చాలా పెద్ద పీఆర్ సంస్థ. దక్షిణాఫ్రికాలో ఒక క్లయింట్ కోసం జాతుల మధ్య చిచ్చుపెట్టే ప్రచారం నడిపిందని తేలడంతో 2017 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లోని పీఆర్ వృత్తి సంఘం దాన్ని బహిష్కరించింది. క్లయింట్లు వరసగా వెళ్ళిపోయారు. కొద్ది రోజుల్లోనే సంస్థ మూతపడే స్థితికి వచ్చింది. ఆ ప్రచారంతో ఏ సంబంధమూ లేని ఉద్యోగులు కూడా రోడ్డున పడ్డారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది వాళ్ళ సంగతే.

నెలాఖరున క్లయింట్‌కు పంపే రిపోర్టులో మీ ఏజెన్సీ ఇంకా క్లిప్పింగులు లెక్కపెట్టి, అంత స్థలానికి ప్రకటన ఇస్తే ఎంత ఖర్చయ్యేదో లెక్క కడుతోందా? చాలాచోట్ల కడుతున్నారు. ఆ లెక్క పీఆర్ విలువను చెప్పదని 2010లోనే బార్సిలోనా సూత్రాల పేరుతో ఈ రంగంవాళ్ళే తేల్చారు. ఎందుకు అడుగుతున్నానంటే, ఆ లెక్కలో మీ హీటర్ వార్త కూడా కవరేజ్ కిందికే వస్తుంది, మీరు ఆపగలిగిన అబద్ధం ఏ గడిలోనూ పడదు. ఏది లెక్కపెడతారో దానికే టైమ్ దొరుకుతుంది. మీ టీమ్ హెడ్ తొందరకు ఇదీ ఒక కారణం కావచ్చు. ఆయన మీద మరీ కోపం పెట్టుకోకండి.

నిద్ర పట్టకపోవడం, ఫోన్ మోగితే ఉలిక్కిపడడం రెండు నెలలుగా ఉన్నాయంటే తేలిగ్గా తీసుకోవద్దు. డాక్టర్‌కు చూపించుకోండి. సవరణ పంపాక, మెసేజ్ పెట్టాక కొంత తగ్గుతుందని నా అనుభవం. చేయాల్సింది చేయకుండా మిగిలిపోయినప్పుడే రాత్రిళ్ళు అది మీద పడుతుంది.

ఆస్పత్రి ఇంటర్వ్యూకు తప్పకుండా వెళ్ళండి. ఈ ఉద్యోగంలో ఉన్నా లేకున్నా వెళ్ళండి. ఏజెన్సీలో మీరు క్లయింట్ గుమ్మం బయట నిలబడి అడుగుతారు, అక్కడైతే లోపలే ఉంటారు, వార్డుకు నడిచి వెళ్ళి చూసి రావచ్చు. కాకపోతే అక్కడ ప్రతి ఫోన్ వెనకా ఒక పేషెంట్, ఆ పేషెంట్ కుటుంబం ఉంటాయి. నిజమైనా చెప్పకూడనివి చాలా ఉంటాయి. మంత్రి చేరినా, సినిమా నటుడు చేరినా, ఆయన లేదా ఆయన కుటుంబం అనుమతి లేకుండా జబ్బు పేరు బయటికి రాకూడదు. "ఆ వివరం పేషెంట్‌కు సంబంధించినది, మేం చెప్పం" అనడానికీ, "అలాంటి పేషెంట్ ఎవరూ లేరు" అనడానికీ ఉన్న తేడా ఇప్పుడు మీకు నేను చెప్పాల్సిన పనిలేదు.

ఇంటర్వ్యూలో వాళ్ళు మిమ్మల్ని అడిగేవి అడుగుతారు. ఎప్పుడైనా తప్పు చేశారా అంటే హీటర్ సంగతి క్లయింట్ పేరు చెప్పకుండా ఉన్నదున్నట్టు చెప్పండి, తర్వాత ఏం చేశారో కూడా చెప్పండి. అందుకోసమైనా ఆ సవరణ పని ఈ వారమే మొదలుపెట్టండి. చివర్లో "మీరేమైనా అడుగుతారా" అంటారు కదా, అప్పుడు జీతం సంగతికి ముందు రెండు ప్రశ్నలు వేయండి. మీరు ఇచ్చిన ప్రకటనను మీరే సవరించుకున్న సందర్భం ఏదైనా ఉందా? రాత్రి రెండింటికి ఆస్పత్రిలో ఏదైనా ప్రమాదం జరిగితే ఎవరెవరికి ఫోన్ వెళ్తుంది, ఆ జాబితాలో పీఆర్ ఎన్నో నంబరు? మొదటిదానికి వాళ్ళు కాసేపు ఆలోచించి ఏదో ఒకటి గుర్తుచేసుకుని చెబితే మంచి లక్షణం. రెండోదానికి "పీఆర్‌కు పొద్దున చెబుతాం" అన్నారంటే, అక్కడ కూడా మీకు విషయం తెలిసేది విలేకరి ఫోన్ చేశాకే.